సనదు, దాఖలా, రుజువు: ఉన్నత పాఠశాల విజ్ఞాన వ్యాసానికి ఒక పూర్వచరిత్ర

కడప సీమలో భూమి తగాదా పెద్దల ముందుకు వచ్చినప్పుడు ఎవరి గొంతు పెద్దదన్నది లెక్కకు రాదు. “నీ దగ్గర దాఖలా ఏముంది?” అన్న ప్రశ్నే ముందు వస్తుంది. కాగితం చూపితే అది అసలా, నకలా అని అడుగుతారు. నకలైతే దేనిని చూసి రాశారు, ఎవరు రాశారు అని విచారిస్తారు. ఇనాము భూమి అయితే సనదు ఎవరిచ్చారో, ఏ సంవత్సరంలో ఇచ్చారో చూడాలంటారు. ఇంత జరిగిన తరువాతనే విషయం రుజువయిందని ఒప్పుకుంటారు. వీరపునాయునిపల్లె నుంచి ప్రొద్దుటూరు వరకు, జమ్మలమడుగు నుంచి పులివెందుల వరకు, చదువు రాని రైతుకు కూడా ఈ పద్ధతి తెలిసినదే.

అయితే ఆ రైతు బిడ్డ ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్ర పరిశోధన వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు ఈ తెలివి ఎందుకో అక్కరకు రావడం లేదు. ఎక్కడో చదివిన పేరాలు యథాతథంగా వ్యాసంలోకి ఎక్కుతున్నాయి. చివర ఉండవలసిన ఆధారాల పట్టిక మార్కుల కోసం తగిలించే తోకగా మారుతున్నది. ఆధారం చూపడమనేది పాశ్చాత్యులు పెట్టిన ఒక లాంఛనమనీ, పెద్ద చదువులకే అది అవసరమనీ చాలామంది భావిస్తున్నారు. ఈ భావన సరైనది కాదు. ఆధారం చూపడం మన పల్లెలకు పరిచయమైన ధర్మం. ఇస్లామీయ విద్వాంసులు దానిని ఒక శాస్త్రంగా పెంచారు. మన నేల మీద కూడా దానికి చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను క్లుప్తంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మాటల్లో దాగిన చరిత్ర

పైన చెప్పిన మాటలనే తీసుకుందాం. అసలు, నకలు, దాఖలా, సనదు, రుజువు - ఇవన్నీ అరబీ మూలం గల మాటలు. పారశీకం, ఉర్దూల ద్వారా దివాణాల్లోకీ, కచేరీల్లోకీ, అక్కడి నుంచి తెలుగు పల్లెల్లోకీ వచ్చి స్థిరపడ్డాయి. అస్ల్ అంటే వేరు. నక్ల్ అంటే ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం. సనద్ అంటే ఆనుకొనడానికి వీలయిన ఊత. రుజూ అంటే మరలి వెళ్ళడం. ఒక మాట పుట్టినచోటికి మరలి వెళ్ళి చూడగలిగితేనే అది రుజువయినట్లు అన్న భావం ఇందులో స్ఫురిస్తున్నది. నేటి అరబీ గ్రంథాలలో ఆధారాల పట్టికకు వాడే ‘మరాజి’ అన్న పేరు ఈ ధాతువు నుంచే వచ్చింది. కనుక మన రైతు నోట పలికే ‘రుజువు’కూ, విద్వాంసుని గ్రంథం చివర ఉండే పట్టికకూ పుట్టిల్లు ఒక్కటే.

ఇస్నాద్ ఒక శాస్త్రంగా పెరిగిన తీరు

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా 6వ ఆయతు, నమ్మదగనివాడు వార్త తెచ్చినప్పుడు దానిని విచారించి తెలుసుకోవలసిందిగా విశ్వాసులను ఆదేశిస్తున్నది. 17వ సూరా 36వ ఆయతు, తెలియని దాని వెంట పడవద్దనీ, వినికిడినీ చూపునూ హృదయాన్నీ గురించి మనిషి జవాబు చెప్పుకోవలసి ఉంటుందనీ హెచ్చరిస్తున్నది. ఈ రెండు బోధలూ హదీసు వేత్తల చేతిలో ఒక కట్టుదిట్టమైన పద్ధతిగా రూపొందాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారి ప్రవచనాన్ని చెప్పేవాడు దానిని తాను ఎవరి వద్ద విన్నాడో, వారు ఎవరి వద్ద విన్నారో వరుసగా చెప్పవలసి ఉంటుంది. ఈ వరుసకే ఇస్నాద్ అని పేరు. విషయ భాగాన్ని మత్న్ అంటారు. ఒక్క హదీసును విన్నవారి నోటనే వినడం కోసం హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లా (ర) ఒంటెను కొని, ఒక నెల ప్రయాణం చేసి, సిరియాలో ఉన్న అబ్దుల్లా బిన్ ఉనైస్ (ర) వద్దకు వెళ్ళిన సంగతి విదితమే. ఇలాంటి యాత్రల మీదనే ఖతీబ్ బగ్దాదీ (మరణం హిజ్రీ 463, క్రీ.శ. 1071) ఒక ప్రత్యేక గ్రంథం రాశాడు.

వరుస చెప్పినంత మాత్రాన హదీసు వేత్తలు ఊరుకోలేదు. ఆ వరుసలోని ప్రతి ఉల్లేఖకుడూ ఎప్పుడు పుట్టాడు, ఎక్కడ నివసించాడు, తన గురువును నిజంగా కలుసుకున్నాడా, అతని జ్ఞాపకశక్తి ఎటువంటిది అని ఆరా తీశారు. దీని నుంచి ఉల్లేఖకుల జీవిత చరిత్రల శాస్త్రం, అంటే ఇల్ముర్రిజాల్, పుట్టింది. ఇమామ్ బుఖారీ (మరణం హిజ్రీ 256, క్రీ.శ. 870) తన హదీసు సంకలనంతో పాటు ఉల్లేఖకుల చరిత్రను కూడా రాయడం గమనార్హం. ఆధారాన్ని పేర్కొనడం ఒక పని, ఆధారాన్ని తూచడం మరొక పని అని ఆయన కృషి వల్ల మనకు తెలుస్తున్నది.

ఈ శాస్త్రంలోని పారిభాషిక పదాలలో మూడు మన విద్యార్థులకు ప్రత్యేకంగా పనికివస్తాయి.

మొదటిది విజాదా. గురువు నోట వినకుండా, ఒక గ్రంథంలోనో ఒకరి చేతిరాతలోనో దొరికిన విషయాన్ని చెప్పడం. ఇది నేరం కాదు. అయితే చెప్పేవాడు ‘విన్నాను’ అనరాదు. ఫలానావారి రాతలో నాకు దొరికింది అని చెప్పాలి.

రెండవది తద్లీస్. మధ్యలో ఉన్న మనిషిని దాచి, పైవానినుంచే నేరుగా విన్నట్లు ధ్వనించేలా చెప్పడం. ఇందులో పచ్చి అబద్ధం ఉండకపోవచ్చు. అయినా షుఅబా బిన్ హజ్జాజ్ (మరణం హిజ్రీ 160, క్రీ.శ. 776) వంటి పెద్దలు దీనిని తీవ్రంగా గర్హించారు. మధ్యవాడిని దాచితే అతని పొరపాటు కూడా దాగిపోతుంది కదా!

మూడవది మౌదూ. అంటే కల్పించినది, లేనిది ఉన్నట్లు పుట్టించినది. దీనికి విద్వత్తులో స్థానమే లేదు.

ఇబ్నుస్సలాహ్ (మరణం హిజ్రీ 643, క్రీ.శ. 1245) హదీసు శాస్త్రం మీద రాసిన ప్రసిద్ధ ‘ముఖద్దిమా’లో ఈ భేదాలన్నీ క్రమబద్ధంగా ఉన్నాయి.

ప్రకృతి శాస్త్రాలలో ఇదే నిజాయితీ

హదీసుకు మనిషి సాక్ష్యం ఆధారం. ప్రకృతి శాస్త్రానికి పరిశీలన ఆధారం. ఈ రెంటినీ ఒకటే అనడం తగదు. ఆధునిక పాదసూచిక ఇస్నాద్ నుంచే పుట్టిందని కూడా మనం అనడం లేదు. అయితే మాటను దాని మూలానికి అప్పగించే అలవాటు ఇస్లామీయ విద్యాలోకంలో మత విద్యలకే పరిమితం కాలేదన్నది చరిత్ర.

అల్ బీరూనీ (జననం క్రీ.శ. 973) ఇందుకు గొప్ప నిదర్శనం. క్రీ.శ. 1030 ప్రాంతంలో భారతదేశం మీద రాసిన గ్రంథాన్ని ఆయన చూచినదానికీ విన్నదానికీ గల తేడాతోనే ప్రారంభించాడు. కంటితో చూచినది మేలైనదే గాని చూపు ఒక కాలానికీ ఒక స్థలానికీ పరిమితం. కనుక వార్తలు కావాలి. కాగా వార్తలు చెప్పేవారిలో స్వార్థం వల్ల, పక్షపాతం వల్ల, అజ్ఞానం వల్ల తప్పు చెప్పేవారు ఉంటారని ఆయన విడమరచాడు. ఆ తరువాత బ్రహ్మగుప్తుడు, వరాహమిహిరుడు మొదలైనవారి గ్రంథాలను పేరు పేరునా చెప్పి విషయం వివరించాడు. నకలు రాసేవారి అజాగ్రత్త వల్ల పాఠాలు చెడిపోయిన సంగతిని కూడా ఎత్తిచూపాడు.

భూమి కొలత విషయంలో ఆయన వైఖరి ఇంకా ముచ్చటైనది. నందనా కోట దగ్గరి కొండ ఎత్తునూ, ఆ శిఖరం నుంచి దిగంతం ఎంత కిందికి కనబడుతున్నదో ఆ కోణాన్నీ కొలిచి ఆయన భూ వ్యాసార్ధాన్ని గణించాడు. ఇది తన సొంత ఊహ అని చెప్పుకొనే అవకాశం ఉన్నా చెప్పుకోలేదు. ఖలీఫా మామూన్ కాలంలో సనద్ బిన్ అలీ ఇటువంటి పద్ధతిని ప్రయోగించినట్లు ‘తహ్దీద్’ అనే గ్రంథంలో పేర్కొన్నాడు. పూర్వుని పేరు చెప్పినందువల్ల బీరూనీ కీర్తికి లోటు ఏమీ రాలేదు.

ఇబ్నుల్ హైసమ్ (జననం క్రీ.శ. 965) మరొక మెట్టు ఎక్కాడు. టాలమీ మీద తన సందేహాలను రాస్తూ, పూర్వుల మాటను నమ్మి ఊరుకునేవాడు సత్యాన్వేషి కాడనీ, దానిని అనుమానించి పరీక్షించేవాడే సత్యాన్వేషి అనీ ప్రతిపాదించాడు. అయితే ఆ ఖండన గాలిలో చేసినది కాదు. టాలమీ ఏ గ్రంథంలో ఏమన్నాడో ముందు చూపి, ఆ మీదట తన అభ్యంతరం చెప్పాడు. మూలాన్ని చూపనివాడు గౌరవించనూ లేడు, ఖండించనూ లేడు.

ఖాజినీ హిజ్రీ 515లో (క్రీ.శ. 1121) పూర్తి చేసిన ‘మీజానుల్ హిక్మా’ తక్కెడల మీదా, పదార్థాల విశిష్ట సాంద్రతల మీదా రాసిన గ్రంథం. అందులో ఆర్కిమెడీస్, రాజీ, బీరూనీ, ఉమర్ ఖయ్యాం, ఇస్ఫిజారీల కృషిని ఎవరిది వారికి పంచి చెప్పాడు. ఒకరు నిజాయితీగా ఆధారం చూపితే మరొకరి శ్రమ శతాబ్దాలు దాటి బతుకుతుందనడానికి ఇది సాక్ష్యం.

హైదరాబాదు నుంచి వెలువడిన గ్రంథాలు

ఈ రెండు విద్యలకూ మన తెలుగు నేల మీదనే ఒక సంస్థ ఆశ్రయమిచ్చింది. 1888లో హైదరాబాదులో ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం, మౌలానా అన్వారుల్లా ఫారూఖీల ప్రయత్నం వల్ల దాయిరతుల్ మఆరిఫ్ ఏర్పడింది. తరువాత అది ఉస్మానియా విశ్వవిద్యాలయంతో ముడిపడింది. ప్రాచీన అరబీ చేతిరాత ప్రతులను సంపాదించి, సరిపోల్చి, పరిష్కరించి అచ్చువేయడం దాని పని.

ఇబ్నె హజర్ రాసిన ‘తహ్జీబుత్తహ్జీబ్’ అనే ఉల్లేఖకుల చరిత్ర 12 సంపుటాలుగా హిజ్రీ 1325-27 మధ్య అక్కడ అచ్చయింది. ఇబ్నె అబీ హాతిం గ్రంథం ‘అల్ జర్హ్ వత్తాదీల్’ కూడా అక్కడి నుంచే వచ్చింది. అదే సంస్థ 1940లో ఖాజినీ ‘మీజానుల్ హిక్మా’ను, 1954-56లో బీరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూనుల్ మస్ఊదీ’ని, 1958లో భారతదేశం మీది ఆయన గ్రంథాన్ని ప్రచురించింది. మనుషుల సాక్ష్యాన్ని తూచే శాస్త్రమూ, లోహాల బరువును తూచే శాస్త్రమూ ఒకే సంస్థ నుంచి వెలువడ్డాయన్నమాట. ప్రపంచంలోని అరబీ విద్వాంసులు తమ పట్టికల్లో ఈనాటికీ ‘హైదరాబాదు’ అని రాస్తుండడం మనకు గర్వకారణం.

కడప జిల్లాలో దొరికే పాఠాలు

హైదరాబాదు దాకా కూడా పోనక్కరలేదు. కడప జిల్లాలోనే పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉన్నది. శక సంవత్సరం 1291, అంటే క్రీ.శ. 1369 నాటిది. విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువును గురించినది. మంచి చెరువుకు కావలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అది లెక్కపెట్టి చెప్తున్నది. దినానికి 1000 మంది కూలీలు, 100 బండ్లు, రెండు సంవత్సరాల కాలం పట్టిన సంగతినీ, కట్ట కొలతలనూ తెలియజేస్తున్నది. చోటు, కాలం, పనివారు, పరిమాణం, పద్ధతి - ఇవే కదా నేటి విజ్ఞాన వ్యాసంలో మనం అడిగేవి! ఈ శాసనాన్ని సుఖ్తంకర్ ‘ఎపిగ్రాఫియా ఇండికా’ 14వ సంపుటంలో ప్రచురించాడు. సంపుటం సంఖ్య తెలిసినందువల్లనే ఈనాడు ఎవరైనా ఆ పాఠాన్ని తీసి సరిచూడగలుగుతున్నారు.

కర్నల్ మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫియ్యతులు మరొక నిధి. కైఫియ్యత్ అన్నదీ అరబీ మాటే. ‘ఎలా ఉన్నది’ అన్న వివరం అని దాని అర్థం. కరణాల వద్ద ఉండే కవిలె కట్టలు, శాసనాలు, వృద్ధుల నోటి మాటలు వీటికి ఆధారాలు. కవిలెలో ఉన్నదేదో, జనశ్రుతి ఏదో వేరుచేసి చదివితేనే కైఫియ్యతుల విలువ బోధపడుతుంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చాడు. పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు తెప్పించి, పాఠభేదాలను పక్కపక్కన రాయించి పరిష్కరించాడు. 1829లో వేమన పద్యాలను అచ్చువేశాడు. ఒక్క ప్రతిని నమ్మక పది ప్రతులు చూడడం ఆయన పద్ధతి. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలోనే నేడు ఆయన పేరిట గ్రంథాలయం ఉన్నది. జిల్లా విద్యార్థులకు అది అందుబాటులో ఉన్న పాఠశాల.

ఆధునిక వ్యాసరూపం

విజ్ఞాన పత్రికలు 1665లో లండన్, పారిస్ నగరాలలో మొదలయ్యాయి. రచయిత పేరునూ సంవత్సరాన్నీ వ్యాసం నడుమనే చూపే పద్ధతికి 1881లో హార్వర్డు జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ రాసిన వ్యాసాన్ని తొలి ఉదాహరణగా చెప్తారు. ఆ వ్యాసం తోటల్లో పాకే నత్తజాతి జీవిని గురించినది. చిన్న జీవి మీద రాసిన వ్యాసం ప్రపంచానికంతటికీ పద్ధతి నేర్పింది.

మన దేశంలో 1993 నుంచి జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ జరుగుతున్నది. 10 నుంచి 17 సంవత్సరాల పిల్లలు తమ ఊరి సమస్యను తీసుకొని, తామే పరిశీలించి, నివేదిక రాయడం దాని ఉద్దేశం. పల్లె పాఠశాల విద్యార్థికి పరిశోధకుని హోదా ఇచ్చిన ప్రయత్నమిది. హోదాతో పాటు బాధ్యత కూడా వస్తుంది.

వీరపునాయునిపల్లె విద్యార్థికి ఇది ఎలా వర్తిస్తుంది?

ఈ మండలంలోని విద్యార్థులు కొందరు వేసవిలో బావుల నీటిమట్టం ఎంత దిగుతున్నదో రాయదలచారనుకుందాం. నీటికి కరువు తెలిసిన సీమలో ఇంతకన్న మంచి విషయం ఏముంటుంది? వారి వ్యాసంలో నాలుగు రకాల మాటలు వస్తాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధమైన దాఖలా కావాలి.

మొదటిది, తాము చూచినది. ఏ బావి, ఏ తేదీ, ఏ గంట, దేనితో కొలిచారు, ఎవరు కొలిచారు, గోడ అంచు నుంచి కొలిచారా, నేల మట్టం నుంచి కొలిచారా అన్నవి రాయాలి. ఈ ఒక్క వివరం వదిలితే మరుసటి ఏడు వచ్చే విద్యార్థుల కొలతతో దీనిని పోల్చడానికి వీలుండదు. గోడ ఎత్తంత తేడా వచ్చి, దిగని నీరు దిగినట్లు కనబడుతుంది.

రెండవది, తాము విన్నది. “ఈ బావి మా చిన్నప్పుడు ఎండేది కాదు” అని ఒక అవ్వ చెప్పిందనుకోండి. ఆమె అప్పుడు ఈ ఊరిలోనే ఉన్నదా, తాను చూచిందా, అత్త చెప్పగా విన్నదా అని అడిగి రాయాలి. హదీసు వేత్త ఉల్లేఖకుని అడిగిన ప్రశ్నలివే. ఆమె సమ్మతిస్తేనే పేరు రాయాలి.

మూడవది, తాము చదివినది. పాపఘ్ని నది కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టి పెన్నలో కలుస్తుందన్న సంగతి బావి దగ్గర నిలబడి కనుగొన్నది కాదు. ఏ గ్రంథం, ఎవరు రాశారు, ఎవరు ప్రచురించారు, ఏ సంవత్సరం, ఎన్నవ పుట అన్నది చూపాలి. మాటను యథాతథంగా తీసుకుంటే ఉద్ధరణ చిహ్నాలు ఉండాలి. సొంత మాటల్లో చెప్పినా ఆధారం ఉండాలి. ఇది విజాదా ధర్మం.

నాలుగవది, ఒకరు చదివి చెప్పగా తాము చదివినది. పాఠ్యపుస్తకంలోనో గైడులోనో ఒక శాస్త్రవేత్త ప్రయోగాన్ని చదివి, ఆయన మూల వ్యాసాన్నే చూచినట్లు పట్టికలో రాయడం నేడు సర్వసాధారణమయింది. ఇదే తద్లీస్. ‘ఫలానా పుస్తకంలో ఉదహరింపబడినట్లు’ అని ఒక్క మాట చేర్చితే దోషం తొలగిపోతుంది.

ఇక మౌదూ సంగతి. అడిగినదే తడవుగా వ్యాసం రాసి ఇచ్చే కంప్యూటరు యంత్రాంగాలు ఇప్పుడు పల్లెలకు కూడా వచ్చాయి. అవి అప్పుడప్పుడు లేని గ్రంథాలకు పేర్లు పెట్టి, లేని పుటలకు సంఖ్యలు వేసి ఇస్తుంటాయి. పట్టికలోని ప్రతి పుస్తకాన్నీ తెరిచి చూచిన తరువాతనే పేరు రాయాలన్న నియమం ఒక్కటే దీనికి మందు. అది వెయ్యేళ్ళ నాటి నియమం.

ఉపాధ్యాయులకు కూడా ఒక మాట. పట్టికలో ఎన్ని పుస్తకాలున్నాయని లెక్కపెట్టవద్దు. అందులో ఒకదానిని ఎంచుకొని, ఈ మాట ఏ పుటలో ఉన్నదో చూపమని విద్యార్థిని అడగండి. రెండే పుస్తకాలు రాసి రెండూ చూపగలిగిన పిల్లవాడు, ఇరవై రాసి ఒక్కటీ చూపలేనివానికన్న ఎంతో పైవాడు.

ఇస్లాంలో విద్య అమానత్, అంటే అప్పగింత. పూర్వుల నుంచి తీసుకున్నదానిని పేరుతో సహా తరువాతివారికి చేర్చాలి. మనం చేర్చినదానిని వారు సరిచూసుకొని, తప్పుంటే దిద్దగలగాలి. గట్టు తగాదాలో దాఖలా లేనివాడు ఒక చాలు నేల పోగొట్టుకుంటాడు. నీటి లెక్కలో దాఖలా లేకపోతే ఊరంతా తన బావుల చరిత్రను పోగొట్టుకుంటుంది. వీరపునాయునిపల్లె బిడ్డ తన తాత నోటి ‘రుజువు’ అన్న మాటకు అర్థం తెలుసుకొని, తన నోటు పుస్తకంలో దానిని ఆచరిస్తే చాలు. బీరూనీ నడిచిన బాటలోనే తానూ నడుస్తున్నట్లు లెక్క.